వెనక వైపు

కాగితానికి వెనక వైపు కూడా ఉంటుందన్న సంగతి నాకు యాభై దాటాక తెలిసింది. నవ్వకండి. అప్పటికి నా సర్వీసంతా కాగితాల మధ్యే గడిచింది. ఇళ్ల మీదా షాపుల మీదా అప్పులిచ్చే ఒక ఫైనాన్సు కంపెనీలో విజయవాడ రీజినల్ ఆఫీసు ఆపరేషన్స్ నేనే చూసేవాణ్ని. కంపెనీ పేరు రాయను. ఈ కథలో దాని తప్పల్లా నన్ను నమ్మడమే.

అప్పులిచ్చే చోట సరుకంటే డబ్బే అనుకుంటారు బయటివాళ్లు. డబ్బు లోనిచ్చిన రోజే గడప దాటి వెళ్లిపోతుంది. ఆ తర్వాత పదిహేను, ఇరవై ఏళ్లు మా దగ్గర మిగిలేది కాగితమే. ఒక ఇంటి లోను ఫైలు విప్పి చూడండి. దరఖాస్తు, ఆధార్, పాన్, జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, శాంక్షన్ లెటరు, అగ్రిమెంటు, లాయరు గారి లీగల్ ఒపీనియన్, ఇంజినీరు వాల్యుయేషన్, ఆస్తి మీది లావాదేవీలు చూపే ఈసీ, ప్లాను, ఇంటి పన్ను రసీదులు. అన్నిటికీ అడుగున అసలు దస్తావేజు, దాని వెనక తాతల కాలం నుంచి వచ్చిన లింకు డాక్యుమెంట్లు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 58వ సెక్షన్ ప్రకారం, నోటిఫై అయిన పట్టణాల్లో అప్పు తీసుకునేవాడు తన హక్కు దస్తావేజు తెచ్చి హామీగా అప్పిచ్చేవాడి చేతిలో పెడితే చాలు, తాకట్టు అయిపోతుంది. అందుకే అసలు దస్తావేజు కోసం మేం అంత పట్టుబడతాం. పట్టుబట్టి తీసుకున్నదాన్ని ఎలా చూసుకున్నామన్నదే నేను ఒప్పుకోవలసిన విషయం.

గవర్నరుపేటలో మా ఆఫీసు మేడ మీద. ఫైళ్లు బీరువాలు నిండి, బీరువాల నెత్తికెక్కి, అక్కడి నుంచి బాత్‌రూము పక్క సందులోకి దిగాయి. ఆ సందులో చెదలు ఒక వరసను తినేశాక హెడ్డాఫీసు మేలుకుంది. అన్నీ స్కాన్ చేసి కంప్యూటర్లోకి ఎక్కించండి, అసళ్లు ఊరి బయట గోడౌనులో పెట్టండి అని ఉత్తర్వు వచ్చింది. స్కానింగుకు నిబంధనలు రాసే పని నాకు అప్పగించారు. నాకు కావలసిందీ అదే. పొదుపులో నన్ను మించినవాడు లేడని నాకొక నమ్మకం.

కాంట్రాక్టరు ఇమేజికి ఇంత అని లెక్క కట్టేవాడు. రెండు వైపులా తీస్తే బిల్లు ఇంచుమించు రెట్టింపు. నేను నా బల్ల మీద ఉన్న ఫైళ్లు కొన్ని తిరగేశాను. జీతం స్లిప్పు వెనక ఖాళీ. స్టేట్‌మెంటు వెనక ఖాళీ. ఆధార్ జిరాక్సు వెనక ఖాళీ. ఖాళీ కాగితాలకు డబ్బు తగలేయడం దేనికి? ముందు వైపు మాత్రమే తీయాలి, నలుపు తెలుపులోనే తీయాలి, రిజల్యూషన్ 100 డీపీఐ చాలు అని రాసి సంతకం పెట్టాను. బల్ల మీద ఉన్నవి కొత్త లోన్లని, అన్నీ ప్రింటరు నుంచి ఊడిపడ్డ కాగితాలేనని నాకు తట్టలేదు. పని మొదలైన కొత్తలో కాంట్రాక్టరు మనిషి ఒక కుర్రాడు పాత స్టాంపు పేపరు తిప్పి పట్టుకుని వచ్చాడు.

“సార్, దీని వెనక కూడా ఏదో ఉందండి.”

“రూలు రాసింది నువ్వా నేనా?” అన్నాను.

కుర్రాడు వెళ్లిపోయాడు. ఆ ఏడాది మీటింగులో, ఖర్చు సగానికి తగ్గించినందుకు నాకు శాలువా కప్పారు.

వెనక ఏముందో ఇప్పుడు చెబుతాను, నాకు పరీక్ష పెట్టినా తప్పు రాయనంతగా తెలుసు కాబట్టి. మన వైపు పాత రిజిస్టర్డ్ దస్తావేజులో మొదటి స్టాంపు పేపరు ముందు వైపున అమ్మినవారు, కొన్నవారు, వారి తండ్రుల పేర్లు, ఊళ్లు, బేరం మొత్తం ఉంటాయి. తిప్పితే సబ్ రిజిస్ట్రారు ఆఫీసు రాత. ఫలానా తేదీన ఫలానా గంటల మధ్య దాఖలు చేశారు, ఫీజు ఇంత చెల్లించారు, రాసిచ్చినవారి ఎడమ బొటనవేలి ముద్ర, వారిని ఎరుగుదుమన్న సాక్షుల సంతకాలు, చివర 1వ పుస్తకంలో ఫలానా సంవత్సరం ఫలానా నంబరుగా రిజిస్టరు చేశామన్న ధ్రువీకరణ, ఆఫీసు ముద్ర. ముందు వైపున ఉన్నది ఇద్దరు మనుషులు తమలో తాము అనుకున్న మాట. అది నిజంగా జరిగిందని సర్కారు చెప్పిన సాక్ష్యం వెనక ఉంది. నేను మాటను ఫొటో తీయించి సాక్ష్యాన్ని వదిలేశాను. తీసిన సగంలోనైనా అన్నీ వచ్చాయా అంటే అదీ లేదు. ఊదా రంగు సీళ్లు నలుపు తెలుపులో పడక మాయమయ్యాయి. ఎర్ర సిరాతో దిద్దిన సర్వే నంబర్లకు దిద్దుబాటు ఏదో, అసలు అంకె ఏదో తెలియకుండా పోయింది. రెవెన్యూ స్టాంపు మీద అడ్డంగా పెట్టిన సంతకం నల్లటి మచ్చయి కూర్చుంది.

ప్రామిసరీ నోటు సంగతి ఇంకా ఘోరం. బాకీలో కొంత కడితే నోటు వెనక చెల్లు రాయాలని పల్లెటూళ్లో అప్పూసప్పూ చేసిన ప్రతివాడికీ తెలుసు. 1963 కాలపరిమితి చట్టం అలాంటి నోటుకు మూడేళ్లు గడువిస్తుంది. ఆ గడువు దాటకముందే కొంత కట్టి, కట్టినట్టు బాకీదారు స్వయంగా రాసో, రాసిన దాని కింద సంతకం పెట్టో ఇస్తే ఆ కట్టిన తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు. అంటే నోటుకు ప్రాణం వెనక వైపే ఉంటుంది. మా నోట్ల వెనక వైపు కంప్యూటర్లో లేదు.

తెనాలిలో ఒక కిరాణా హోల్‌సేల్ వ్యాపారి నోటు మీద లోను తీసుకున్నాడు. వ్యాపారం దెబ్బతిని వాయిదాలు ఆగాయి. మా లీగల్ ఆఫీసరు దావా వేయాల్సినవన్నీ ఏరుతూ కంప్యూటర్లో ఆ నోటు తెరిచాడు, తేదీ చూశాడు, మూడేళ్లు దాటిందని కాలదోషం పట్టిన బాకీల జాబితాలోకి తోసేశాడు. ఆయన్ని తప్పు పట్టడానికి లేదు, నేను చూపించిందే ఆయన చూశాడు. చాలా కాలం తర్వాత ఆ వ్యాపారి తన బావమరిది లోను పని మీద ఆఫీసుకొచ్చి, నా ఎదురుగా కూర్చుని, “అయ్యా, నా నోటు ఏమైంది? నడుమ కొంత కట్టి వెనక చెల్లు రాసిచ్చాను. మీ నుంచి మళ్లీ కబురే లేదు” అన్నాడు. గోడౌను నుంచి అసలు తెప్పించాం. వెనక గుండ్రటి అక్షరాల్లో చెల్లు, తేదీ, సంతకం. ఆ తేదీ నుంచి లెక్కేసినా మూడేళ్లు నిండి కొద్ది వారాలే అయింది.

అప్పు తీసుకున్నవాడికి గుర్తుంది, ఇచ్చినవాళ్లకు లేదు. ఆయన పెద్దమనిషి. గడువు చచ్చిన బాకీనైనా తీరుస్తానని రాసి సంతకం పెడితే కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ కింద చెల్లుతుంది, కొత్తగా రాసిచ్చి వెళ్లాడు. ఇంకొకరైతే మా టీ తాగి, మా ఫ్యాను కింద చెమట ఆర్చుకుని, నవ్వుకుంటూ మెట్లు దిగేవారు. అలా దిగినవాళ్లూ ఉన్నారు. ఆ జాబితా మొత్తం తిరగేస్తే వెనక చెల్లున్న నోట్లు మరికొన్ని తేలాయి.

ఇక పేర్లు. ఫైలు ఎవరైనా తేలిగ్గా వెతుక్కోవాలని, కంప్యూటర్లో ఖాతాదారు పేరుతోనే దాచాలని రూలు పెట్టాను, ఇంగ్లిషు స్పెల్లింగులో. తెలుగువాడినై ఉండి ఈ పని చేశాను చూడండి. లక్ష్మిని కొందరు కె, ఎస్, హెచ్‌లతో రాస్తారు, కొందరు ఒక్క ఎక్స్‌తో తేల్చేస్తారు. వెంకటేశ్వర్లు నడుమ కొందరు డబ్ల్యూ పెడతారు, కొందరు వి పెడతారు, చివరికొచ్చేసరికి ఎవరి ఓపిక వారిది. ఇంటిపేరు ఆధార్‌లో ముందుంటుంది, పాన్‌లో వెనకుంటుంది, కరెంటు బిల్లులో ఒక్క అక్షరంగా మిగులుతుంది. ఆడపిల్లకు పెళ్లయితే ఇంటిపేరే మారిపోతుంది. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో వెంకటేశ్వరరావు అని కొట్టి వెతికితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. ఉయ్యూరులో ఒకే ఇంట్లో అత్తాకోడళ్లిద్దరూ లక్ష్మీలే. అత్తగారి పాన్ కోడలి ఫైల్లో, కోడలి జీతం స్లిప్పులు అత్తగారి ఫైల్లో చేరాయి. ఆడిటరు వచ్చి, డెబ్బై ఏళ్ల ఆవిడకు సాఫ్ట్‌వేరు ఉద్యోగం ఎక్కడిదని అడిగాడు. చేయాల్సింది కష్టమేం కాదు. కస్టమరు నంబరు, లోను నంబరు, కాగితం ఏ రకమో చెప్పే కోడు, తేదీ. పేరు వాటి పక్కన ఉంటే ఉంటుంది. దేశమంతటికీ కలిపి కేంద్ర కేవైసీ రిజిస్ట్రీ పెట్టి మనిషికి 14 అంకెల నంబరు ఇస్తున్నారు. అంత పెద్ద రిజిస్ట్రీ పేర్లను నమ్ముకోలేదు, నేను నమ్ముకున్నాను.

సాఫ్ట్‌వేరు అమ్మడానికి వచ్చిన అబ్బాయి ఒకడు, ఓసీఆర్ ఉంది సార్, బొమ్మలోని అక్షరాలు అదే చదివేసుకుంటుంది, మనిషితో పనే లేదు అన్నాడు. నమ్మి, వివరాలు టైపు కొట్టి ఎక్కించే ఇద్దరినీ కలెక్షన్లకు పంపించేశాను. ఆ యంత్రం అచ్చు ఇంగ్లిషు చక్కగా చదివింది. 1960ల నాటి దస్తావేజు లేఖరి గొలుసుకట్టు రాత ముందు చేతులెత్తేసింది. నేను పెట్టిన 100 డీపీఐలో ఆ రాత నాకే ఆనలేదు, యంత్రాన్ని ఏమనను? ఆ పాత కాగితాలు ఎందుకంటే, ఆంధ్రలో ఆన్‌లైన్‌లో దొరికే ఈసీ 1983 నుంచే. అంతకు ముందు ఆ స్థలం ఎవరిదో, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో కంప్యూటర్లో తేలిగ్గా తేలదు. లింకు డాక్యుమెంట్లే దిక్కు.

ఇవన్నీ ఒక ఎత్తు, అసళ్లను చూసుకున్న తీరు ఒక ఎత్తు. స్కాన్ అయిపోయింది కదా, ఇక వాటితో పనేముందన్న ధీమా. అట్టపెట్టెల్లో కుక్కి గన్నవరం దారిలో గోడౌనుకు పంపాం. ఏ పెట్టెలో ఏముందో రాసిన రిజిస్టరు కొంత దూరం నడిచి ఆగిపోయింది. ఆ తర్వాతి పెట్టెల మీద స్కెచ్ పెన్నుతో ‘ఇతరములు’ అని ఉంటుంది. ఆ ముత్యాల్లాంటి అక్షరాలు నావే.

2023 సెప్టెంబరు 13న రిజర్వు బ్యాంకు ఒక సర్క్యులర్ ఇచ్చింది. వ్యక్తిగత రుణాల్లో, ఇంటి లోన్లు కూడా వాటిలోకే వస్తాయి, బాకీ మొత్తం తీరిన 30 రోజుల్లోగా అసలు ఆస్తి కాగితాలన్నీ తిరిగి ఇచ్చేయాలి, రిజిస్ట్రీల్లో ఉన్న చార్జీ తీసేయించాలి. ఆలస్యం సంస్థ వల్ల జరిగితే రోజుకు 5,000 రూపాయల చొప్పున రుణగ్రహీతకు పరిహారం కట్టాలి. కాగితాలు పోయినా పాడైనా డూప్లికేటు లేదా సర్టిఫైడ్ కాపీలు తీసుకోవడంలో సాయపడాలి, ఖర్చు సంస్థే పెట్టుకోవాలి, అందుకు మరో 30 రోజుల గడువు. ఆ ఏడాది డిసెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. నేను ఆ సర్క్యులర్ చదివి, సంతకం పెట్టి, ఫైల్లో పెట్టాను. గోడౌను గుర్తు రాలేదు.

గుడివాడ నుంచి ఒక రిటైర్డు మాస్టారు వచ్చారు. లోను తీరిపోయింది, నో డ్యూ సర్టిఫికెట్టు చేతిలో ఉంది.

“బాబూ, మా ఇంటి కాగితాలు ఇప్పించండి.”

“గోడౌను నుంచి రావాలి మాస్టారూ, కాస్త టైం పడుతుంది. ఈలోపు ప్రింటు తీసిస్తాం, దగ్గర పెట్టుకోండి” అన్నాను, ఉదారంగా.

ఆయన ప్రింటు అందుకుని, ముందు వైపు చూసి, తిప్పారు. తెల్లగా ఉంది.

“లోను ఇచ్చేటప్పుడు నేను ప్రింటు ఇస్తే తీసుకున్నారా బాబూ?” అన్నారు. తర్వాత సంచిలోంచి రిజర్వు బ్యాంకు సర్క్యులర్ ప్రింటు తీసి నా బల్ల మీద పెట్టారు. 30 రోజులన్న చోట ఎర్ర పెన్సిలుతో గీత ఉంది. సర్వీసంతా పిల్లల పేపర్లు దిద్దిన చెయ్యి.

గోడౌనులో మనుషుల్ని పెట్టి ఇతరములన్నీ విప్పించాం. మాస్టారి దస్తావేజు, అదే పేరున్న మరో ఊరి మనిషి ఫైల్లో దొరికింది. దొరికేసరికి గడువు దాటింది. దాటిన ప్రతి రోజుకూ 5,000 చొప్పున ఆయన ఖాతాలో జమ చేశాం. కాగితాలు ఇచ్చేటప్పుడు ఆయన ప్రతి పేజీ తిప్పి రెండు వైపులా చూసుకుని, జాబితాతో సరిచూసుకుని, అప్పుడు సంతకం పెట్టారు. ఆ జాబితా మేం లోనిచ్చిన నాడు ఇచ్చిందే, మా దగ్గర లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ నీట మునిగినప్పుడు మా గోడౌను దాకా నీళ్లు రాలేదు. వచ్చి ఉంటే మా దగ్గర సగం నకళ్లే మిగిలేవి. ఆ వారం నాకు అన్నం సయించలేదు.

మా అన్నయ్య కూతురు హైదరాబాదులో, నానక్‌రాంగూడ వైపు, అమెరికా ఇళ్ల లోన్ల ఫైళ్లు చూసే ఆఫీసులో పనిచేస్తుంది. సంక్రాంతికి వస్తే, నా గోడు కాస్త గొప్పగా చెప్పుకున్నాను. ఎంత మిగిల్చానో ముందు చెప్పి, తర్వాత జరిగింది చెప్పాను.

“అదేంటి బాబాయ్, పేజీలు లెక్కపెట్టలేదా? కట్ట విప్పినప్పుడు కాగితాలెన్ని, స్కాన్ అయ్యాక ఇమేజీలెన్ని, రెండూ కలవకపోతే మా దగ్గర ఆ కట్ట ముందుకే కదలదు.”

“ఖాళీ పేజీలు కూడానా అమ్మా? దండగ కదా!”

“ఖాళీ అని ఎవరో ఒకరు చూసి ఒప్పుకున్నాకే తీసేస్తాం బాబాయ్. నువ్వు చూడకుండానే ఖాళీ అన్నావు.”

నేను అరిసె నములుతూ ఊరుకున్నాను. తనే మళ్లీ, నన్ను ఓదార్చడానికో ఏమో, అమెరికా సంగతి చెప్పింది. 2010లో అక్కడ బయటపడింది: ఇళ్లు జప్తు చేయడానికి కోర్టుకిచ్చే అఫిడవిట్లను బ్యాంకుల మనుషులు చదవకుండానే వేల కొద్దీ సంతకాలు పెట్టి పంపారు. ఫైల్లో ఏముందో సంతకం పెట్టినవాడికి తెలియదు. చాలా జప్తులు కొంతకాలం ఆగిపోయాయి, 2012లో అక్కడి అయిదు పెద్ద మార్ట్‌గేజి సంస్థలు కేంద్ర ప్రభుత్వంతో, 49 రాష్ట్రాలతో 2,500 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకోవాల్సి వచ్చింది. అంత పెద్దవాళ్లు కూడానా అని నాకు ఊరట కలిగింది. ఆ ఊరట కలగడం కూడా ఈ జాబితాలో రాసుకోవలసిందే.

వాట్సాప్ సంగతి చెబితే మాత్రం తను నవ్వలేదు. మా బ్రాంచికి ఒక గ్రూపు ఉండేది, అడ్మిన్ నేనే. ఖాతాదారుల ఆధార్ కార్డులు, పాన్‌లు, చెక్కుల ఫొటోలు అందులోనే తిరిగేవి, వాటి నడుమ పుట్టినరోజు కేకులు, శుభోదయం పూలు. ఉద్యోగం మానేసి పోటీ కంపెనీలో చేరినవాళ్లు కూడా గ్రూపులో హాయిగా ఉన్నారు. ఆధార్‌లో చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ కాపీ దొరుకుతుందని తెలిసి కూడా ఎవరినీ అడగలేదు. 2022 సెప్టెంబరులో అమెరికా స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్ఈసీ, ఉద్యోగులు వ్యాపారం మాటలు సొంత ఫోన్ల మెసేజీల్లో నడిపి రికార్డు ఉంచనందుకు 16 వాల్‌స్ట్రీట్ సంస్థల మీద మొత్తం 110 కోట్ల డాలర్లకు పైగా జరిమానా వేసిందని తను చెప్పింది. ఆ రాత్రే గ్రూపు మూసేశాను.

ఇంకొకటుంది, తొందరగా చెప్పేస్తాను. ఏదీ పారేయకూడదన్నది నా మరో రూలు. మనీ లాండరింగు నిరోధక చట్టం కింద ఖాతాదారుడి గుర్తింపు కాగితాలు, అతనితో సంబంధం ముగిశాక అయిదేళ్లు ఉంచాలి. మేం అంతకు ఎంతో ముందు మూసిన ఖాతాలవి, లోను ఇవ్వకుండా తిప్పి పంపినవాళ్ల జీతం స్లిప్పులు కూడా దాచాం. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం, చట్టప్రకారం ఉంచాల్సినవి తప్ప పని అయిపోయిన వివరాలు చెరిపేయమంటోంది. మేం ఉంచాల్సిన చెల్లు పోగొట్టి, పారేయాల్సిన స్లిప్పులు పదిలంగా కాపాడాం.

ఇప్పుడు మళ్లీ స్కానింగు నడుస్తోంది. స్టాంపు పేపర్లు, నోట్లు రంగుల్లో, రెండు వైపులా, 300 డీపీఐలో. ప్రతి ప్యాకెట్టు మీద బార్‌కోడు ఉంది. ఎవరు తీశారు, ఎప్పుడు తీశారు, ఎప్పుడు తిరిగి పెట్టారు అన్నది సిస్టంలో పడుతుంది, ఎవరూ చెరపలేరు, నేను కూడా. బిల్లు మొదట రెండు వైపులా తీయిస్తే అయ్యేదానికంటే చాలా ఎక్కువైంది, శాలువా ఖరీదు కలపకుండానే.

మీకు ఇంటి లోను ఉంటే ఒక పని చేయండి. మీరిచ్చిన అసలు కాగితాల జాబితా, ఎన్ని పేజీలో కూడా రాసి, బ్రాంచి ముద్ర వేసింది మీ దగ్గర ఉందో లేదో ఇవాళే చూసుకోండి. లేకపోతే రాతపూర్వకంగా అడిగి తెచ్చుకోండి. లోను తీరినప్పుడు ఆ జాబితాతో ప్రతి కాగితం సరిచూసుకుని తీసుకోండి, తాకట్లు నమోదు చేసే కేంద్ర రిజిస్ట్రీ సెర్సాయ్‌లో మీ ఇంటి మీద చార్జీ తీసేశారో లేదో కూడా అడగండి. 30 రోజులు దాటినా కాగితాలు రాకపోతే, మాలాంటివాళ్లు ఇచ్చే టీ తాగి మెత్తబడకండి, రోజుకు 5,000 చొప్పున అడిగి పుచ్చుకోండి.